పడవవాడు ఆగేవాడు

పంటి డాక్టరమ్మ క్లినిక్ వెనక గదిలో కట్టుడు పళ్లు చేసే మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. అక్కడ దాన్ని ఎవరూ వాడరు. అందరికీ అతను మొదటిభాగం. వాన గురించి మొదలెట్టినా, లిఫ్టు చెడిపోయిందని మొదలెట్టినా, అతని మాట చివరికి చేరేది "మొదటి భాగంలో అయితేనా..." దగ్గరికే. ఆ మొదటి భాగం ‘ఏడు రేవులు’ అనే వీడియో గేమ్‌ది. చిన్నప్పుడు అక్కా తనూ టీవీ ముందు కూచుని ఆడిన ఆట. తరవాత దానికి ఇంకో మూడు భాగాలు వచ్చాయి. ఆ మూడూ ఎవరో పనిగట్టుకుని తనకు చేసిన ద్రోహాలని మొదటిభాగం గట్టి నమ్మకం.

ఆ బుధవారం పొద్దున అతను ఒక కింది దవడ అచ్చు ముందు పెట్టుకుని కూచున్నాడు. గులాబీ రంగు మైనపు పలకని దీపం మీద వెచ్చబెట్టి, అచ్చు మీద పరిచి, బొటనవేలితో చిగుళ్ల ఆకారం వచ్చేదాకా ఒత్తి, సన్న కత్తితో అంచులు చెక్కుతున్నాడు. చెయ్యి నిదానంగానే ఉంది. నోరే నిలవడం లేదు.

"రెండో భాగంలో ఏం చేశారో తెలుసా అండీ? పడవవాడికి గడ్డం పెట్టారు. సరే, పెడితే పెట్టారు. చచ్చిపోయిన కూతుర్ని కూడా అంటగట్టారు. పడవెక్కిన ప్రతిసారీ ఆ పిల్ల కథ చెప్పుకుని ఏడుస్తాడు. మొదటి భాగంలో వాడు నోరు విప్పితే ఒట్టు! చేతిలో లాంతరు, చుట్టూ మంచు, ఎక్కడో వాడి గంట. అంతే. ఒళ్లు జలదరించేది. మూడో దాంట్లో ఆ మంచంతా ఊడ్చేసి, ఎటు పోవాలో చూపించే బాణం గుర్తు పెట్టారు. మనకి కళ్లు లేవనుకున్నారు. నాలుగో దాంట్లో రేవుకో కొట్టు. పడవకి రంగులు కొనుక్కోవచ్చట. రంగులు!"

డాక్టరమ్మకి ఈ పాఠం కంఠతా వచ్చు. తలుపు దగ్గర నిలబడి చేతి తొడుగులు పీకేస్తూ, "రంగుల సంగతి తరవాత. పంతులమ్మగారి సెట్టు ఎక్కడిదాకా వచ్చింది?" అంది.

"ఇదే అండీ. సాయంత్రానికి పళ్లు అమర్చేస్తాను."

"ఈసారైనా ఒప్పుకుంటారంటావా?"

"ఎందుకొప్పుకుంటారు? పాతదే బాగుందంటారు" అని నవ్వాడు. "రెండో సెట్టు కట్టించుకున్న వాళ్లందరిదీ అదే పాట కదండీ."

డాక్టరమ్మ అతని వంక ఒక చూపు చూసింది. ఏదో అనబోయి, ముందు గదిలోంచి పేషంటు పిలవడంతో వెళ్లిపోయింది.

బల్ల మీద బోర్లా పెట్టిన ఫోను గుర్రుమన్నప్పుడల్లా అతని చూపు మైనం మీంచి జారిపోతోంది. నాలుగు రోజులుగా ఇదే వరస. సంగతేమిటంటే, ఆ ఆటకి ఐదో భాగం తయారవుతోంది. ఈసారి మొదటి భాగం పద్ధతికే తిరిగి వెళ్తామని కంపెనీ వాళ్లు ప్రకటించారు. పాత అభిమానుల్ని కొందరిని ఏరి, ఆదివారం తెర మీద కలుద్దామని, ఏం కావాలో చెప్పమని పిలిచారు. ఆ కొందరిలో మొదటిభాగం ఉన్నాడు. ఉండకేం, అతను పెట్టే వీడియోలు చూసేవాళ్లు తక్కువేమీ కాదు. అతనికి కావల్సింది ఒకే ఒక్కటి. పడవవాడు ఆగాలి.

ఆటలో ప్రతి రేవు చివరా ఒక పడవ ఉంటుంది. అది బయల్దేరే ముందు గంట మోగుతుంది. రెండో భాగం నుంచీ ఏమైందంటే, గంట మోగాక మనం గబగబా చేరుకోకపోతే పడవ వెళ్లిపోతుంది, ఆ రేవంతా మళ్లీ మొదటినుంచి నడవాలి. మొదటి భాగంలో అలా కాదు. ఎంత ఆలస్యంగా వెళ్లినా పడవవాడు తాడు పట్టుకుని మన కోసం చూస్తూ నిలబడేవాడు. "ఆ ఆటకి గుండె అదేనండీ. మన కోసం ఒకడు ఆగుతాడు. తరవాతి భాగాల్లో ఆ గుండె కోసి పారేశారు" అని మొదటిభాగం చెప్పని వీడియో లేదు. కంపెనీ వాళ్లు మొదటి భాగాన్నే కొత్త మిషన్లలోకి తెచ్చినప్పుడు అందులోనూ పడవ ఆగలేదు. అక్కడ కూడా వీళ్లే చెయ్యి పెట్టి చెడగొట్టారని తీర్మానించేశాడు.

అయితే కంపెనీ తరఫున అభిమానులకి జవాబులు రాసే ఒకావిడ ఉంది. అందరూ జవాబులమ్మ అంటారు. ఆవిడ మర్యాదగానే రాసింది: పాత ఆటని మళ్లీ పరీక్షగా చూశామండీ, అందులోనూ పడవ ఆగడం లేదు, మీ దగ్గర ఆగే ఆట ఉంటే చూపించండి, సంతోషంగా నేర్చుకుంటాం అని. మొదటిభాగానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పూటే ఒక వీడియో పెట్టాడు. ఆట ఆడని వాళ్ల చేతికి ఆట అప్పజెబితే ఇలాగే ఉంటుందన్నాడు. ఈవిడ పుట్టేనాటికి మేం ఏడో రేవు దాటామన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, అది ఇక్కడ రాయడం అనవసరం.

ఇక చూసేవాళ్లు ఊరుకుంటారా? వెళ్లి ఆవిడ మీద పడ్డారు. ఆవిడ ఫోటో తెచ్చి పడవవాడి గడ్డం అతికించారు. ఉద్యోగంలోంచి తీసెయ్యమని కంపెనీకి వందలమంది రాశారు. ఆ బుధవారం మధ్యాహ్నం మొదటిభాగం చేతులు తుడుచుకుని ఫోను తిప్పి చూస్తే, ఆవిడ పేజీలో ఒకే ఒక్క వాక్యం ఉంది. కొన్నాళ్లు జవాబులు ఇవ్వలేను, మన్నించండి అని. దాని కింద నవ్వే బొమ్మలు బారులు తీరి ఉన్నాయి.

అతనికి లోపల ఎక్కడో చురుక్కుమంది. వెంటనే, చేతకాకపోతే ఒప్పుకోవచ్చుగా అని గొణుక్కుని ఫోను బోర్లా పెట్టేశాడు. మైనం చల్లారి గట్టిపడిపోయింది. దాన్ని పీకి మళ్లీ పరవాల్సి వచ్చింది.

*

చిన్నప్పుడు ఆ ఆట ఆడిన పాత గేమ్ డబ్బా అక్క వాళ్ల ఇంట్లో ఉంది. దాంట్లో ఆడి, వీడియో తీసి, ఆదివారం అందరి ముందూ పెడితే ఇక నోరెత్తేవాడుండడు. గురువారం పని కాగానే నేరుగా అక్కడికి పోయాడు. అక్క సిటీ బస్సు డ్రైవరు, ఇంకా డ్యూటీలో ఉంది. బావ తలుపు తీశాడు.

"రావయ్యా మొదటిభాగం. రెండో భాగం ఇంట్లో లేదు, బస్సులో ఉంది" అన్నాడు.

అక్కని రెండో భాగం అన్నది మొదటిభాగమే. ఒకసారి అక్క నడిపే బస్సు కోసం పరిగెత్తుకుంటూ పోయాడు. చెయ్యి ఊపాడు, పేరు పెట్టి అరిచాడు. అద్దంలో చూసి కూడా ఆమె తలుపులు మూసేసి బండి కదిలించింది. "మా అక్క రెండో భాగం పడవదండీ, సొంత తమ్ముడికి కూడా ఆగదు" అని దాన్నొక వీడియోలో చెబితే జనం పడి పడి నవ్వారు. బావకి ఆ మాట బాగా పట్టేసింది.

మంచం కింద అట్టపెట్టెలో డబ్బా, రెండు రిమోట్లు, ఆట క్యాసెట్ అన్నీ ఉన్నాయి. ఎవరో తీరుబడిగా వైర్లు చుట్టలు చుట్టి దారాలు కట్టారు. బావ కాఫీ తాగి వెళ్లమన్నాడు. మొదటిభాగం గుమ్మంలోనే చెప్పులు తొడుక్కుంటూ, "తరవాత వస్తా బావా, అర్జెంటు" అన్నాడు.

ఇంటికొచ్చి, ఆ డబ్బాని కొత్త టీవీకి తగిలించేసరికి తాతలు దిగొచ్చారు. క్యాసెట్‌ని అలవాటు చొప్పున రెండుసార్లు ఊది పెట్టాడు. తెర గుడ్డిగా వెలిగింది, ఆ పాత పాట మొదలైంది. అవే చదరపు గళ్ల నీళ్లు, అదే మంచు, అదే లాంతరు. ఇంత బాగుండేదా అనుకున్నాడు. కాస్త ఆడగానే ఇంత గరుకుగా ఉండేదా అని కూడా అనుకున్నాడు గానీ, ఆ రెండోది మనసులోకి పూర్తిగా రానివ్వలేదు.

మొదటి రేవు చివరికి వచ్చాడు. ఫోనుని స్టాండుకి బిగించి తెర వైపు తిప్పాడు. గంట మోగింది. కావాలనే వంతెన మీద ఆగాడు. "చూడండి" అన్నాడు ఫోనుతో, గొంతు పెంచి. "ఇప్పుడు ఎంతసేపున్నా సరే."

పడవవాడు తాడు విప్పాడు. పడవ మంచులోకి పోయింది.

మొదటిభాగం నవ్వాడు. క్యాసెట్ దుమ్ముపట్టిందనుకున్నాడు. తీసి, దూది పుల్లతో తుడిచి, మళ్లీ పెట్టాడు. పడవ పోయింది. డబ్బా వేడెక్కిందేమోనని చల్లారేదాకా గదిలో అటూ ఇటూ తిరిగాడు. పడవ పోయింది. వంతెన మీద కాకుండా గట్టు మీద ఆగి చూశాడు. రెండో రేవుకి వెళ్లి చూశాడు. గంట మోగుతోంది, పడవ పోతోంది. ఆ పడవవాడి మొహంలో కళ్లకి రెండు చుక్కలు తప్ప ఏమీ లేవు. ఆ చుక్కలు ఇతన్ని చూడను కూడా చూడటం లేదు.

స్టాండు మీద ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. దాన్ని ఆపాలన్న సంగతి కూడా అతనికి తోచలేదు.

*

శుక్రవారం అతని చేతికి ఏ పనీ కుదరలేదు. వేరే పేషంటు సెట్టుకి ముందు పళ్లు అమరిస్తే ఒకటి పక్కకి తిరిగింది. దాన్ని సరిచేస్తే మైనం చిట్లింది. డాక్టరమ్మ చూసి, "ఇంటికి పోయి పడుకో, నీ మొహం బాలేదు" అంది. ఇంటికి పోలేదు. కాలుగాలిన పిల్లిలా వీధులన్నీ తిరిగి చివరికి బస్సు డిపోకి పోయాడు.

అక్క బస్సు షెడ్డు చివర ఆగి ఉంది. ఆమె యూనిఫాం చేతులు పైకి మడిచి, పక్క అద్దాన్ని పాత గుడ్డతో తుడుస్తోంది. అద్దం మీద ఊదుతుంది, గుండ్రంగా రుద్దుతుంది, ఒకడుగు వెనక్కి వేసి చూస్తుంది.

"ఏంట్రా ఈ వేళప్పుడు? ఒంట్లో బాగానే ఉందా?"

"అక్కా, ఆ ఆటలో పడవవాడు ఆగేవాడా కాదా?"

"ఏ ఆట?"

"మన ఆట అక్కా. ఏడు రేవులు. నేను ఎంత ఆలస్యంగా వెళ్లినా పడవ ఆగేది. నీకు గుర్తుందా లేదా? నిన్న పెట్టి చూస్తే పోతోంది. ఎన్నిసార్లు ఆడినా పోతోంది."

"పోతుంది మరి. నేను పట్టుకుంటే కదా ఆగేది" అంది అక్క, అద్దం తుడుస్తూనే.

"నువ్వు పట్టుకోవడమేంటి?"

"రెండో రిమోట్‌లో ఎర్ర బటన్ ఉండేది చూడు. అది నొక్కి పట్టుకుంటే వాడు తాడు విప్పేవాడు కాదు. వేలు తీసేస్తే పోయేవాడు." అప్పుడు ఇతని మొహం చూసి చెయ్యి ఆపింది. "నీకు తెలీదా? అదేంట్రా, ఆ ఆట మీద లోకానికంతా పాఠాలు చెప్తావు!"

మొదటిభాగం బస్సు మెట్టు మీద కూలబడ్డాడు. అది ఒక్కళ్లు ఆడే ఆట. రెండో రిమోటుకి అందులో పనే లేదు. లోకంలో ఎవరిని అడిగినా అదే చెప్తారు. ఇతనే ఎన్నోసార్లు చెప్పాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పాలి? నువ్వు గంట మోగితే కదిలే రకానివా? వంతెన మీద నిలబడి నీళ్లలోకి చూస్తూ ఉండేవాడివి. లాంతరు పట్టుకుని పురుగుల వెనకాల తిరిగేవాడివి. పడవ పోతే మాత్రం నేల మీద పడి దొర్లి ఏడుపు. కింద వాటా ఆవిడ పైకొచ్చి తలుపు బాదేది. అమ్మ డ్యూటీ నుంచి వచ్చేలోపు నాకు లెక్కలు చేసుకోవాలి. ఒకరోజు విసుగొచ్చి ఆ బటన్లన్నీ నొక్కి పారేశాను. పడవ ఆగింది. హమ్మయ్య అనుకున్నా. అప్పట్నించీ ఒళ్లో పుస్తకం, చెవి గంట మీద. గంట వినపడితే బటన్ నొక్కడం, నువ్వు ఎక్కాక వదలడం. అంతే."

"నువ్వు ఊరికే కూచునేదానివి అనుకున్నాను."

"అనుకోవడమేంటి, అన్నావుగా." అక్క గుడ్డ దులిపి మడత పెట్టింది. "రిమోటు పట్టుకుని తనూ ఆడేస్తున్నానని మురిసిపోయేది మా అక్క, అన్నావు. మీ బావ చూపించాడు. మా కండక్టర్ కూడా చూశాడట, రెండ్రోజులు నవ్వాడు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది అతనికి. కోపానికైతే ఎదురు చెప్పడం అలవాటే. ఇప్పుడు ఏదో ఒకటి అనాలి కాబట్టి, "బస్సు మాత్రం నాకోసం ఆపలేదు" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"బస్సు నిండా పనులకి పోయేవాళ్లురా. నీ ఒక్కడికోసం వాళ్లందర్నీ నిలబెట్టమంటావా?" అక్క డ్రైవరు సీటెక్కి కూచుంది. "ఆ పడవ ఎక్కాల్సింది నువ్వొక్కడివే కదా. ఎంతసేపు ఆపితే ఎవరికి నష్టం? లే, మెట్టు మీంచి లే. టైమైంది."

అతను లేచాడు. తలుపులు మూసుకున్నాయి. తుడిచిన అద్దం తళతళలాడుతుండగా బస్సు షెడ్డు దాటి వెళ్లిపోయింది.

*

ఇంటికి చేరగానే చెప్పులైనా విప్పకుండా డబ్బా పెట్టాడు. రెండో రిమోట్ తగిలించి, ఎర్ర బటన్ మీద రబ్బరు బ్యాండు బిగించాడు. గంట మోగింది. పడవవాడు తాడు పట్టుకుని నిలబడ్డాడు. అతను వంతెన మీద ఆగాడు. గట్టు చివరిదాకా పోయి వచ్చాడు. పడవవాడు నిలబడే ఉన్నాడు, రెండు చుక్కల కళ్లతో, అచ్చం గుర్తున్నట్టే.

దాన్ని వీడియో తీశాడు. తీసింది తెర ఒక్కటే. చూస్తే ఎవరికైనా తిరుగులేని సాక్ష్యం. రబ్బరు బ్యాండు ఎక్కడా కనపడదు. అబద్ధం ఏముంది, ఆగుతున్న మాట నిజమేగా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. పైగా ఐదో భాగంలో పడవ ఆగితే అందరికీ మంచిదే. ఈ వీడియో పెడితే గెలుపు తనది. పెట్టకపోతే ఇన్నేళ్లు నెత్తిన పెట్టుకున్న మొదటి భాగం, దానితోపాటు తన మాటా, రెండూ నేల మీద. ఇందులో ఆ జవాబులమ్మ ఉద్యోగం పోతే? ఆ ఒక్క ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి అతని ఆలోచన గిర్రున వెనక్కి తిరిగి మళ్లీ మొదటికి పోతోంది.

శనివారం పంతులమ్మగారు వచ్చారు. రిటైరై చాలా ఏళ్లయినా ఎదుటివాళ్లు ఇప్పటికీ ఆవిడ ముందు చేతులు కట్టుకుంటారు. కొత్త సెట్టు పెట్టుకుని రెండు మాటలు మాట్లాడి, తీసి బల్ల మీద పెట్టేశారు.

"నాయనా, నువ్వు కష్టపడ్డావు, కాదనను. కానీ ఇది నా నోరు కాదు. నా పాత సెట్టు నాకిచ్చెయ్. అది పెట్టుకుంటే నోట్లో ఉన్నట్టే తెలిసేది కాదు."

మామూలుగా అయితే మొదటిభాగం లోలోపల నవ్వుకునేవాడు. ఇవాళ మారుమాట లేకుండా సొరుగులోంచి పాత సెట్టు తీసి, కడిగి, ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ గెలిచినట్టు మొహం పెట్టి దాన్ని నోట్లో అమర్చుకున్నారు. "ఇదిగో, ఇదీ" అనబోయేసరికి కింది వరస ఊడి ఒళ్లో పడింది.

గదిలో ఎవరూ నవ్వలేదు. పంతులమ్మగారు ఒళ్లోకి చూసుకున్నారు. "ఇది నాది కాదు. మార్చేశారు" అన్నారు.

డాక్టరమ్మ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "మీదేనండీ. చిగుళ్లు అరిగిపోయాయి. సెట్టు అదే, నోరే మారింది."

"మా ఆయన ఉన్నప్పుడు దీంతోనే అన్నీ తినేదాన్ని" అన్నారావిడ. ఇద్దరితోనూ కాదు, ఆ పళ్లతోనే అన్నట్టు.

మొదటిభాగం ఆవిడ ఒళ్లోంచి ఆ వరస తీసుకున్నాడు. కడిగి, తడి తుడిచి, చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చాడు. "ఇది కూడా ఉంచుకోండి అమ్మా. కొత్తది ఎక్కడ ఒత్తుకుంటోందో చెప్పండి, ఇప్పుడే సరిచేస్తాను" అన్నాడు. ఆవిడ వేలు పెట్టి చూపించారు. అతను అరగదీసే మిషను ఆన్ చేశాడు.

*

ఆదివారం పొద్దున తెర మీద చిన్న చిన్న గళ్లలో మొహాలు వెలిశాయి. కంపెనీ పెద్దమనిషి ఒకాయన, నలుగురైదుగురు పాత అభిమానులు, ఒక మూల గడిలో జవాబులమ్మ. ఫోటోల్లో కంటే చిన్నదిగా ఉంది. ఆమె కెమెరా వైపు చూడటం లేదు, పక్కకెక్కడో చూస్తోంది. మొదటిభాగం ఆ గడి వైపు చూడకుండా ఉండాలని ఎంత అనుకున్నా చూపు అక్కడికే పోతోంది.

అందరూ మర్యాదలు కానిచ్చుకున్నాక పెద్దమనిషి, "మీరు పాత ఆట చూపిస్తానన్నారు. పడవ ఆగుతుందా?" అన్నాడు.

"ఆగుతుందండీ" అన్నాడు మొదటిభాగం. ఎవరో అభిమాని చప్పట్లు కొట్టాడు. జవాబులమ్మ ఇంకొంచెం కిందికి చూసింది.

వీడియో సిద్ధంగా ఉంది. వేలు దాని మీదే ఉంది. అతను ఫోను పక్కన పెట్టి, బల్ల మీదున్న రెండో రిమోటుని రబ్బరు బ్యాండుతో సహా ఎత్తి కెమెరాకి దగ్గరగా పట్టుకున్నాడు.

"ఇది ఇలా నొక్కి పట్టుకుంటే ఆగుతుందండీ. లేకపోతే ఆగదు. చిన్నప్పుడు మా అక్క పట్టుకునేది. నాకు తెలీదు, మొన్ననే తెలిసింది. ఆట దానంతటది ఆగేదని నేను చెప్పిందంతా తప్పు. మేడం గారు చెప్పిందే కరెక్టు. ఆవిడ మీద నేను పెట్టిన వీడియో తీసేశాను. అందులో అన్న మాటలకి... సారీ అండీ."

ఒక అభిమాని కిసుక్కుమన్నాడు. "అయితే ఇన్నేళ్లూ మీ అక్క ఆడితే మీరు రివ్యూలు చెప్పారా అన్నా?" అన్నాడు. మిగతావాళ్లు కూడా అందుకున్నారు. ఆ నవ్వులు రేపటికల్లా ఎంత దూరం పోతాయో మొదటిభాగానికి బాగా తెలుసు. అలాంటి నవ్వుల్ని పంపించడంలో అతనిది ఆరితేరిన చెయ్యి.

జవాబులమ్మ అప్పుడు మొదటిసారి కెమెరా వైపు చూసింది. కళ్ల కింద నల్లగా ఉంది. పరవాలేదని అనలేదు. సారీకి బదులు ఇవ్వలేదు. "ఏ బటనండీ? కొంచెం దగ్గరగా చూపిస్తారా?" అంది.

అతను దగ్గరగా చూపించాడు. ఆమె కాసేపు పరీక్షగా చూసి, తల ఊపి, తన కెమెరా ఆపేసింది.

*

మధ్యాహ్నం డబ్బా తిరిగి ఇచ్చేద్దామని అక్క వాళ్లింటికి పోయాడు. అక్కకి సెలవు. తల దువ్వుకుంటూ హాల్లో కూచుని ఉంది. అతను పెట్టె కింద పెట్టి, కూచోకుండా అక్కడే నిలబడిపోయాడు.

"ఇంకేం కావాలి?" అంది అక్క.

"నువ్వు ఆడతావా అక్కా? నువ్వెప్పుడూ మొదటి రిమోటు పట్టుకోలేదు."

"ఇప్పుడా? నాకేం వచ్చురా ఆ ఆట?" అంది. అంటూనే దువ్వెన పక్కన పెట్టి చెయ్యి చాపింది.

అతను వైర్లు తగిలించి, నేల మీద ఆమె పక్కనే కూచుని రెండో రిమోటు తీసుకున్నాడు. రబ్బరు బ్యాండు తీసేశాడు. అక్క ఆట బస్సు నడిపినట్టే ఉంది. రెండు చేతులతో రిమోటు గట్టిగా పట్టుకుని, మలుపు రాగానే ఒళ్లంతా అటు వంచుతుంది. మంచులోకి వచ్చేసరికి మాత్రం నెమ్మదించింది. లాంతరు పైకెత్తి చూసింది. "బాగుందిరా. ఇదంతా నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు" అంది.

ఇక మొదటిభాగం ఆగలేకపోయాడు. "చూశావా మంచు? మూడో దాంట్లో ఇదంతా తీసేశారక్కా. ఎడమకి రా, ఎడమకి... అక్కడ కాదు, ఆ చెట్టు పక్కనుంచి. ఆ నీళ్ల రంగు చూడు, నాలుగో భాగంలో అద్దంలా చేసి పారేశారు, అసలు నీళ్లంటే..."

తెర మీద పడవ మంచులోకి వెళ్లిపోతోంది. అక్క ఇంకా వంతెన సగంలో ఉంది.

గంట ఎప్పుడు మోగిందో అతనికి తెలీదు. రిమోటు చేతిలోనే ఉంది, వేలు బటన్ పక్కనే ఉంది. తెర నల్లబడి, రేవు మళ్లీ మొదటినుంచి వచ్చింది. అక్క అరవలేదు, ఏడవలేదు, నేల మీద పడి దొర్లలేదు. ఒళ్లో పుస్తకం పెట్టుకుని, లెక్కలు చేసుకుంటూ, ఆమె ఒక్క సాయంత్రం కూడా ఆ గంట వినడం మరిచిపోలేదు. ఆ మాట అతనికి అప్పుడు తోచింది. తోచాక ఇక మొహమెత్తి ఆమె వంక చూడలేకపోయాడు.

"అక్కా" అన్నాడు.

"ఊఁ, సరేలే. మళ్లీ వెళ్దాం" అంది అక్క, లాంతరు పైకెత్తి.

ఈసారి గంట మోగేసరికి మొదటిభాగం నోరు మూసుకుని ఉన్నాడు, వేలు బటన్ మీద ఉంది, అక్క ఇంకా వంతెన మీదే ఉంది.